నేలబడిన రౌతు

"రౌతుకొద్ది గుఱ్ఱ" మని మనవారు సామెత చెప్పుదురు. గుఱ్ఱ మెట్టిదైనను నడిపించువాని నేర్పునుబట్టియే దాని నడక యుండునని దీని తాత్పర్యము. ఇందు రౌతునకు గొప్ప గౌరవము కలదు. కాని యతడు జీనుమీద నున్నంతసేపే యీ గౌరవము చెల్లును. అతడు నేలబడిన పిమ్మట గుఱ్ఱము తన దారిని తాను పోవును. చూచువారి కన్నులును దానివెంటనే పోవును. పడినవానిని గూర్చి సామెత యేమియు చెప్పదు. అట్టివాని విషయమున లోకము చిరకాల మేమి చేయక యూరకుండెనో, తుదకేరీతిగా కన్ను తెఱచెనో తెలుపుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

గుఱ్ఱపు పందెముల మాట యెత్తగనే సంస్కారప్రియులగు చదువరులు కొందఱు మొగము చిట్లింతురేమో! చెన్నపురి గిండీలోను, హైదరాబాదు మలకుపేటలోను నడచిన పందెములలో నిల్లు గుల్ల చేసికొన్నవారి కథలు మన మెఱుగనివి కావు. 1996వ సంవత్సరమున భారత సర్వోన్నత న్యాయస్థానము గుఱ్ఱపు పందెము ప్రధానముగా నేర్పుతో కూడిన క్రీడయే కాని వట్టి యదృష్టపు ఆట కాదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు పందెము కాయువానికి ఊరట కావచ్చును. దానివలన సంసారము చెడిన యిల్లాలికి కాదు. అయినను నే నిచ్చట ఆ వాదమునకు దిగను. నే నడుగునది వేఱు. న్యాయస్థానము చెప్పిన యా నేర్పు ఎవ్వరిది? గుఱ్ఱమును పెంచి దిద్దినవారిది, దానిపై కూర్చుండి నడిపించినవానిది. పందెము కాయువాడు పోగొట్టుకొనునది ధనము. గుఱ్ఱము నెక్కినవాడు పోగొట్టుకొనునది నడుము. జూదమును నిందించు నావేశములో జూదరిని, కష్టజీవిని ఒక్క గాట కట్టుట న్యాయము కాదు.

జాకీ యనబడు నీ పందెపురౌతు పని యెట్టిదో చూడుడు. వాని యెత్తు కొలదియే, బరువు కొలదియే. వానిక్రింద సుమారు 500 కిలోల బరువుగల జంతువు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తును. వాడు రికాబులలో మునికాళ్లుంచి, జీనునకు తాకకుండ వంగి, చుట్టునున్న గుఱ్ఱముల సందున త్రోవ వెదకుకొనవలయును. కంచెలు దుముకు పందెములలో నీ యపాయము మఱింత హెచ్చు. క్రీడాకారులు పరుగెత్తుచుండగా వైద్యశకటము వారి వెంబడించి పోవుచుండు ఆట లోకమున నిది దక్క మఱియొకటి కలదో లేదో! పడుట యిందు దైవికము కాదు, పనిలో భాగమే. ఆ శకట మందులకు సాక్ష్యము.

ఇక ఆకలి మాట. గుఱ్ఱము మోయవలసిన బరువు నియమింపబడి యుండుటచే జాకీ తన దేహమును ఎండగట్టుకొనక తప్పదు. ఇంగ్లండున ఫ్రెడ్ ఆర్చరను సుప్రసిద్ధుడగు జాకీ 13 పర్యాయములు దేశమున నగ్రస్థానము నందెను; 2,748 పందెములు గెలిచెను. పొడవరి యగుటచే ఉపవాసములు చేసియు, భేదిమందులు త్రాగియు శరీరమును కృశింపజేసికొని, భార్యావియోగ దుఃఖముతోను జ్వరముతోను క్రుంగి, 1886వ సంవత్సరమున తన 29వ యేట తుపాకితో కాల్చుకొని మరణించెను. ఆర్చరు ధనవంతుడు. ధనముగలవాని గతియే యిట్లుండగా, వారమునకొక సవారి దొరకుటయే గగనమగు సామాన్యుని గతి వేఱుగ చెప్పవలయునా?

ఈ క్రీడకు పుట్టినిల్లగు ఇంగ్లండులో 18వ శతాబ్ది మధ్యమున జాకీ క్లబ్బను సంఘ మేర్పడెను. పేరు జాకీలదే, అందలి సభ్యులు మాత్రము ప్రభువులును, భూస్వాములును. గుఱ్ఱమెక్కి కూలి తీసికొనువానికి అందు ప్రవేశము లేదు. వాడు యజమాని యశ్వశాలలోని సేవకులలో నొక్కడు. కాలు విఱిగిన సేవకునకు ప్రభువు దయ కలిగిన నేదో యిచ్చును, లేనిచో లేదు. లెక్కలేదు, పత్త్రములేదు, అడుగుటకు హక్కును లేదు.

ఆ చీకటిలో మొదటి దీపము విచిత్రముగా వెలిగినది. 1844వ సంవత్సరపు డెర్బీ పందెము మూడేండ్ల గుఱ్ఱములకు నియమింపబడినది. రన్నింగ్ రైన్ అను పేరుతో నందు గెలిచినది నిజమునకు నాలుగేండ్ల వేఱొక గుఱ్ఱము. లార్డ్ జార్జి బెంటింకు అను ప్రభువు పట్టుదలతో సాక్ష్యములు కూర్చి యీ మోసమును బట్టబయలు చేసెను. అందులకు సంతసించి పందెపు లోకము వారు చందా లెత్తి యతనికి బహుమాన మీయ నుద్దేశించిరి. అతడా ధనమును తాను స్వీకరింపక, కష్టదశలో నున్న జాకీలయొక్కయు, అశ్వశిక్షకులయొక్కయు కుటుంబముల సహాయార్థము నిధిగా నేర్పఱచెను. మోసమును పట్టుకొన్నందుల కిచ్చిన బహుమానము దీనుల కన్నమైనది. మెచ్చదగినదే. కాని యిదియు ప్రభువు దయయే. ఆ దయ వచ్చువఱకు పడినవాడు కాచుకొని యుండవలసినదే.

అటుపిమ్మట నూఱేండ్లకు పైగా గడచెను. ఈ విషయమున నిజమైన మార్పు తెచ్చినవి నాలుగు నెలల వ్యవధిలో జరిగిన రెండు ప్రమాదములు. లివర్‌పూలు చెంత ఎయిన్‌ట్రీ అను మైదానము కలదు. అచ్చట గ్రాండ్ నేషనల్ అను మహాపందెము జరుగును. నాలుగు మైళ్లకు మించిన దూరము, 30 దుముకులు. 1959వ సంవత్సరమున నీ పందెములో టిమ్ బ్రూక్‌షా అను జాకీ విండ్‌బర్గ్ అను గుఱ్ఱము నెక్కెను. నడుమ నొక రికాబు విఱిగిపోయెను. అతడు రెండవ కాలిని సైతము రికాబునుండి తీసివేసి, ఆధారమేమియు లేకయే మిగిలిన కంచెలన్నియు దుమికించి, కొద్దిలో మొదటి స్థానము తప్పి రెండవవాడుగ వచ్చెను. జనులు వాని సాహసమును వేనోళ్ల కొనియాడిరి. ఆ బ్రూక్‌షాయే 1963 డిసెంబరులో నదే మైదానమున పడి వెన్నెముక విఱుగగొట్టుకొనెను. 1964 మార్చిలో గ్రాండ్ నేషనల్ పందెమున 'చెయిర్' అను ఎత్తైన కంచె యొద్ద ప్యాడీ ఫారెలను ఐర్లండు దేశపు జాకీ గుఱ్ఱమునుండి విసరివేయబడి, నడుము మొదలు క్రిందికి చచ్చుబడిపోయెను. అతనికి భార్యయు, నలుగురు బిడ్డలును గలరు.

అప్పుడుగాని యింగ్లండు ప్రజలకు సత్యము స్ఫురింపలేదు. ఇందఱు చూచి యానందించిన యీ యిరువురును అవయవములు చచ్చుబడి తమ వృత్తిని కోల్పోగా, నాటి భీమా యేర్పాటు లిచ్చు సొమ్ము ఒక సంసారమును నిలువబెట్ట జాలినది కాదు. కొందఱు మిత్రులు కూడి 1964లో ఫారెల్-బ్రూక్‌షా నిధిని స్థాపించిరి. వారిలో జాన్ లారెన్సు ముఖ్యుడు. తరువాతి కాలమున లార్డ్ ఓక్సీ యని ప్రసిద్ధి కెక్కినవాడితడే. అతడు పత్రికా రచయిత. కూలి గోరక వేడుకకై స్వారిచేయువాడు. 1963 గ్రాండ్ నేషనల్‌లో గమ్యము చేరువనే గెలుపు చేజాఱగా రెండవవాడుగ నిలిచినవాడు. ఆ కంచెల భయ మెట్టిదో ఎఱిగిన చేయి కలము పట్టుటచే చదువరుల గుండె కరగెను.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి యున్నది. చందాలు కావలసినంత వచ్చెను. ఇరువురి కష్టము తీర్చి ఆ నిధిని అంతటితో మూసివేసి యుండవచ్చును. వారట్లు చేయలేదు. నేడు వీరు, రేపు మఱియొకరు. పేరు మాఱునుగాని పతనము మాఱదని గ్రహించి, ఇద్దఱి పేర పుట్టిన నిధిని కంచెపందెముల జాకీల కందఱకును వర్తింపజేసిరి. 1971లో చదునునేల పందెములవారినిగూడ చేర్చుకొని, గాయపడిన జాకీల నిధి యని పేరు పెట్టిరి. ఏటేట క్రిస్మసు పండుగకు శుభాకాంక్షల కార్డు లమ్మి ధనము కూర్చిరి. ఇంటింటికి పోయి కష్టసుఖములు విచారించు సహాయకులను నియమించిరి. ఇంతవఱకు నా నిధివలన సహాయ మందినవారు వేయిమందికి మించి యున్నారు. 2009లో లాంబర్న్ గ్రామమున ఓక్సీ పేరను, 2015లో మాల్టను పట్టణమున జాక్ బెర్రీ పేరను, 2019లో న్యూమార్కెట్టులో పీటర్ ఓ సల్లివన్ పేరను స్వస్థతాగృహములు వెలసెను. అచ్చట విఱిగిన యెముక కతుకుకొన్న పిమ్మట మరల నడక నేర్పుదురు. స్వారి మానుకొన్న వృద్ధులకును చేయూత నిత్తురు.

అమెరికాదేశపు చరిత్ర మఱియొక పాఠము చెప్పును. అచ్చట 1940లోనే ఎడ్డీ ఆర్కారో మొదలగు జాకీలు తమలో తాము సంఘము కట్టుకొనిరి. పరుల దయకై చూడక తమ బలమును తామే కూర్చుకొనిన యీ మార్గము శ్లాఘ్యము. కాని సంఘమునకును జాగరూకత కావలయును. 2004లో గ్యారీ బర్జరను జాకీ పశ్చిమ వర్జీనియాలో పడి కాళ్లు చచ్చుబడి యాసుపత్రి చేరెను. పెద్ద ప్రమాదములకై సంఘము పూర్వము పెట్టిన పదిలక్షల డాలర్ల భీమా 2002లోనే ముగిసిపోయెననియు, దానిని మరల కొనసాగింప లేదనియు నప్పుడు బయటపడెను. మైదానమువారి భీమా లక్ష డాలర్లతో సరి. ఈ విషయము 2005లో ఆ దేశపు శాసనసభవారి విచారణకు వచ్చెను. మఱుసటి యేట శాశ్వతముగ నంగవికలురైన జాకీలకై ప్రత్యేక నిధి యొకటి స్థాపింపబడెను. 1973లో సెక్రటేరియట్ అను గుఱ్ఱముపై మూడు మహాపందెములును గెలిచి, 1978లో పడి 2025లో మరణించువఱకు చక్రముల కుర్చీలోనే జీవించిన రాన్ టర్కాట్ ఈ నిధికై పాటుపడిన వారిలో నొకడు.

ఇన్ని నిధు లేల కావలసెను? యంత్రశాలలో చేయి తెగిన కూలివానికి యజమాని నష్టపరిహార మీయవలయునని చట్టము లున్నవి గదా యని చదువరు లడుగవచ్చును. చిక్కు అందే యున్నది. జాకీకి యజమాని యెవడు? వాడు ఒక్క మధ్యాహ్నమున నాఱు గుఱ్ఱముల నెక్కును. ఆఱింటికి నార్గురు యజమానులు. సవారి కింత యని కూలి. కావున పెక్కు తావుల చట్టము వానిని స్వతంత్రుడని పిలిచినది. ఈ స్వాతంత్ర్యము పడిననాడు దిక్కులేమికి మాఱుపేరు! న్యూయార్కు రాష్ట్రమువారు 1990లో నీ ముడిని విప్పిరి. జాకీ ఒక్కని సేవకుడు కాడేని అందఱి సేవకుడే యగును గావున, గుఱ్ఱముల యజమానులును శిక్షకులును అందఱును కలిసి యొక పరిహారనిధికి సొమ్ము చెల్లింపవలయునని చట్టము చేసిరి. దయ యిచ్చట బాకీగా మాఱినది.

చట్టము లేనిచోట జరుగునది 2016లో మరల కనబడెను. ఇంగ్లండున ఫ్రెడ్డీ టిలికీ యను జాకీ పందెములో పడి కాళ్లు పోగొట్టుకొనగా, మరల ప్రజలు చందా లెత్తవలసి వచ్చెను. 2021లో ఉన్నత న్యాయస్థానము తోడి జాకీ యజాగ్రత్తయే కారణమని నిర్ణయించి, అతనికి పరిహారము పొందు హక్కు కలదని తీర్పు చెప్పెను. చందా యందినది వెంటనే. న్యాయ మందుటకు అయిదేండ్లు పట్టెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒకదాని పని మఱియొకటి చేయజాలదని తేటపడును. చట్టము నిదానముగ నడచును, ఆకలి నిదానింపదు. కరుణ వేగముగ వచ్చును; కాని యెల్లకాలము నిలువదు.

మఱియు గాయములేకయే వృత్తి విడుచువాని మాటయు మఱువరాదు. పసితనమున బడి విడిచి అశ్వశాల చేరినవాడు నలువదేండ్ల ప్రాయమున జీను దిగి, మఱియే పనియు నెఱుగక దిక్కులు చూచును. వానికి విద్య గఱపి వేఱు వృత్తికి సిద్ధపఱచుట కుంటివానికి కఱ్ఱ యిచ్చుటవంటిదే.

కావున సోదరులారా! పందెములు ఉండవలెనా కూడదా యను వాదము మనము సాగింతముగాక. అవి యున్నంతకాలము, టిక్కెట్టు కొని పోవు ప్రతివానియొద్దను, గెలుపు సొమ్ము నందుకొను ప్రతివానియొద్దను నేలబడినవాని పాలు కొంత యున్నది. అది భిక్షము కాదు, తీర్చవలసిన కూలి. గుఱ్ఱము గమ్యము చేరినప్పుడు చప్పట్లు కొట్టుట సులభము. వెనుక పచ్చికపై పడియున్నవానివైపు మొగము త్రిప్పి చూచుటయే కష్టము. ఏ సంఘము ఆ వైపు చూడ నేర్చునో అదియే నాగరిక సంఘము.