వీడియో ఆటల అంగళ్ళు

బియ్యమునకు ఒక కొట్టు, బట్టకు ఒక కొట్టు, పుస్తకమునకు ఒక కొట్టు. ఏ వస్తువు ఏ వీథిలో దొరకునో మనకు చిన్ననాటినుండియు తెలియును. కాని ఒక క్రొత్త వస్తువు పుట్టినపుడు దానిని ఏ అంగడిలో ఉంచవలెనో వర్తకులకే తోచదు. వీడియో ఆట అట్టి వస్తువు. టెలివిజనుకు తగిలించునది గనుక అది విద్యుత్ పరికరమా? పిల్లలు కోరునది గనుక బొమ్మయా? బంతిని కొట్టునది గనుక క్రీడాసామగ్రియా? సుమారు యాబది యేండ్ల క్రిందట అమెరికా వర్తకులు ఈ ప్రశ్నతో తికమకపడిరి. వారు నాడు చెప్పిన సమాధానమునకును, ఆటగాండ్రు నేడు చెప్పుచున్న సమాధానమునకును నడుమ, కొనుట అను మాటకే అర్థము మారిపోయినది. ఆ మార్పు ఎట్లు వచ్చినదో శ్రోతలకు చెప్పవలెనని నా కోరిక.

ఇంటిలో ఆడుకొను వీడియో ఆటల యంత్రములలో మొదటిది ‘ఒడిస్సీ’. రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు దానికి మూలపురుషుడు. మాగ్నవాక్స్ అను టెలివిజను కంపెనీ 1972లో దానిని తన డీలర్ల దుకాణములలో అమ్మెను. అక్కడ అమ్ముట చూచి, అది మాగ్నవాక్స్ టెలివిజనుతో తప్ప మరి దేనితోను పనిచేయదని చాలమంది భ్రమపడిరి. అమ్మిన చోటే అమ్మకమునకు అడ్డువచ్చిన దన్నమాట. మూడేండ్ల తరువాత అటారీ కంపెనీవారు ‘పాంగ్’ అను ఆటను ఇండ్లకు తగినట్లు ఒక చిన్న పెట్టెలో అమర్చిరి. తెరమీద అటొక గీత, ఇటొక గీత, నడుమ ఒక చుక్క. ఆ చుక్కయే బంతి. బొమ్మల వర్తకులు దానిని చూచి పెదవి విరిచిరి. తుదకు సియర్స్ అను పెద్ద దుకాణ సంస్థలో క్రీడాసామగ్రి విభాగమునకు సరకు కొనుచుండిన టామ్ క్విన్ అను ఉద్యోగి ముందుకు వచ్చెను. 1975 క్రిస్మస్సు పండుగకు 1,50,000 పెట్టెలు కావలెనని సియర్స్ వారు కోరిరి. ‘టెలీ గేమ్స్’ అను తమ సొంత పేరుతోనే వానిని అమ్మిరి. ఆ విధముగా వీడియో ఆట బ్యాట్లు బంతుల సరసన నిలిచి జనసామాన్యము ఇండ్లలో ప్రవేశించెను.

1977లో అటారీవారు ఆటను యంత్రమునుండి వేరుచేసి, కార్ట్రిడ్జి అను చిన్న డబ్బాలో పెట్టి అమ్మసాగిరి. ఆ విధముగా ఆట యొక్కటే విడిగా అంగడిసరకైనది. లాభములు చూచి ఎందరెందరో ఈ వ్యాపారములోనికి దిగిరి. 1982 నాటికి దుకాణముల అరలు నిండి పొర్లెను. అందులో మంచి యేదో చెడు యేదో చెప్పగలవాడు లేడు. అమ్ముడుపోని సరకును తిరిగి తీసికొనుటకు చిన్న కంపెనీలకు శక్తి చాలలేదు. ముప్పది యైదు డాలర్లకు అమ్మవలసిన ఆటలను వర్తకులు గంపలలో పోసి అయిదేసి డాలర్లకు తెగనమ్మిరి. మంచి ఆటనైనను నిండు వెలకు కొనువాడు కరవయ్యెను. రమారమి అయిదు వారములలో తయారుచేయించి 1982 క్రిస్మస్సుకు విడుదల చేసిన ‘ఇ.టి.’ అను ఆట ఆ పతనమునకు ప్రతీకగా నిలిచినది. 1983 సెప్టెంబరులో అటారీవారు న్యూమెక్సికో రాష్ట్రమందలి అలమగోర్డో పట్టణపు చెత్తకుప్పలో లారీలకొలది సరకు పూడ్పించిరి. అది కట్టుకథయని చాలకాలము అనుకొనిరి గాని, 2014లో త్రవ్వి చూడగా ఆ డబ్బాలు నిజముగానే బయటపడినవి. పట్టణమువారు వానిని వేలము వేయగా లక్ష డాలర్లకు పైగా వచ్చెను. ఏ అంగడియు వలదన్న సరకునకు మట్టిలో ముప్పది యేండ్లుండిన పిమ్మట గిరాకి కలిగినది!

ఈ దెబ్బతో అమెరికా వర్తకులు వీడియో ఆట అన్న మాటయే వినజాలకుండిరి. 1985లో న్యూయార్కునకు వచ్చిన జపాను కంపెనీ నింటెండోకు ఎదురైన చిక్కు ఇదియే. వారు మొదట పేరు మార్చిరి. తమది వీడియో ఆట కాదు, ‘ఎంటర్టెయిన్‌మెంట్ సిస్టమ్’ అనిరి. పెట్టెలో ఒక చిన్న మరబొమ్మను కూడ చేర్చిరి; దానిని చూచిన వర్తకుడు బొమ్మల అరలో చోటిచ్చెను. తమ ఉద్యోగులనే దుకాణములకు పంపి సరకును అమర్చిపెట్టిరి. అన్నిటికంటె ముఖ్యమైనది వారిచ్చిన హామీ: అమ్ముడుపోయిన దానికే సొమ్ము చెల్లింపుడు, మిగిలినది మేము తిరిగి తీసికొందుము. ఆ మరబొమ్మతో ఎవరును ఎంతోకాలము ఆడలేదు. దాని పని అంగడి గుమ్మము దాటువరకే. వర్తకము నెరిగినవారి చాతుర్యమునకు ఇది చక్కని ఉదాహరణమని నా అభిప్రాయము.

జపానులో నింటెండోవారి కిట్టి పాట్లు లేవు. అక్కడ అంగడియే తిరునాళ్ళ వలె ఉండెను. 1988 ఫిబ్రవరి 10, బుధవారమునాడు ‘డ్రాగన్ క్వెస్ట్’ మూడవ భాగము విడుదల కాగా, మన యూళ్ళలో పెద్ద నటుని చిత్రము మొదటిరోజున టిక్కెట్ల కిటికీవద్ద జనము కూడినట్లు, దుకాణముల ముందు బారులు తీరిరి. వారిలో బడి ఎగగొట్టి వచ్చిన పిల్లలును ఉండిరి. ఆ పిమ్మట ఇట్టి ఆటలు పనిదినములలో అమ్మరాదని జపాను పార్లమెంటు శాసనము చేసినదని ఒక వాడుక కలదు. అట్టి శాసన మేదియు లేదు. కంపెనీవారే జాగ్రత్తపడి, నాలుగవ భాగమును 1990లో ఆదివారమునాడు విడుదల చేసిరి.

ఆ దేశపు అంగళ్ళలోనే, 1986నుండి, నన్ను మిక్కిలి ఆకర్షించు ఒక యంత్ర ముండెను. నింటెండోవారు ఆటలను చిన్న పలుచని డిస్కులమీద అమ్మిరి. ఒక ఆట విసుగుపుట్టినచో పిల్లవాడు ఆ డిస్కునే దుకాణమునకు తెచ్చి 500 యెన్లు చెల్లించును. దుకాణదారుడు దానిని యంత్రములో పెట్టును. పాత ఆట చెరిగిపోయి క్రొత్తది వ్రాయబడును. డిస్కు పిల్లవానిదే, అందులోని ఆట మాత్రము మారినది. పలక తుడిచి క్రొత్త పాఠము వ్రాసికొన్నట్లు! కొన్న వస్తువు వేరు, ఆట వేరు అను భావము ఆ 500 యెన్ల యంత్రము దగ్గరనే మొలకెత్తినదని చెప్పవచ్చును. ఈ సేవ 2003 వరకు సాగినది.

అయినను ఆనాడు ఆటగాండ్రలో అత్యధికులకు ఆట యనగా చేతిలోని డబ్బాయే. నా బాల్యమున మా వీథిలో నలుగురు పిల్లలము నాలుగు వేర్వేరు డబ్బాలు కొని, వారమునకొకసారి మార్చుకొనుచుంటిమి. ఒక్కరి వెలకు నాలుగు ఆటలు. ఇదియే పెద్ద యెత్తున జరిగిన చోట, వాడిన ఆటలు కొని మారుబేరము చేయు దుకాణములు వెలసినవి. అమెరికాలో గేమ్‌స్టాప్ వంటి సంస్థలకు పాత ఆటలమీద వచ్చు లాభము క్రొత్తవానిమీద వచ్చుదానికంటె మెండు. అందులో ఆట తయారుచేసినవారికి పైసయైనను ముట్టదు. వారికి కోపము రాదా?

ఈ కోపము క్రొత్తది కాదు. 1904లో ఒక అమెరికా ప్రచురణకర్త తన పుస్తకమును డాలరుకు తక్కువగా ఎవరును అమ్మరాదని అందులోనే ముద్రించెను. మేసీస్ దుకాణమువారు 89 సెంట్లకు అమ్మిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు పోగా, ఒకసారి అమ్మిన పుస్తకముపై ఆ తరువాతి వెలను నిర్ణయించు హక్కు ప్రచురణకర్తకు లేదని 1908లో తీర్పు వచ్చెను. జపానులో ఆటల కంపెనీలు మరింత తెలివిగా వాదించినవి. తెరమీద బొమ్మలు కదలుచున్నవి గనుక వీడియో ఆట చలనచిత్రమువంటిదే. చలనచిత్రపు ప్రతులు ఎవరిచేతికి పోవలెనో నిర్ణయించు హక్కు నిర్మాతకు కలదు. కావున పాత ఆటల అమ్మకము నేరము. 2002 ఏప్రిల్ 25న ఆ దేశపు సుప్రీంకోర్టు, ఆట చలనచిత్రముతో సమానమే యని ఒప్పుకొనుచునే, ప్రజలకు ఒకమారు అమ్మిన పిమ్మట ఆ హక్కు తీరిపోయినదని తీర్పు చెప్పెను. కొన్నవానిది కొన్నవానిదే. చిల్లర దుకాణముల విజయమునకు అదియే శిఖరము.

ఇంతవరకు చెప్పిన అంగళ్ళన్నిటికిని గోడలు కలవు. గోడలు లేని అంగడి అంతర్జాలముతోనే పుట్టినదని తలచువారికి రేడియోవారము ఒక మాట గుర్తుచేయవలసియున్నది. 1980 ప్రాంతముల ఇండ్ల కంప్యూటర్లకు ఆటలు సామాన్యమైన పాటల క్యాసెట్లమీదనే లభించుచుండెను. యంత్రము ఆ ధ్వనిని చదివి ఆటగా మార్చుకొనును. ధ్వని యైనపుడు దానిని ప్రసారము చేయరాదా? 1983లో బెల్‌గ్రేడ్ రేడియోవారి ‘వెంటిలేటర్ 202’ అను కార్యక్రమములో జోరాన్ మోడ్లి అను వ్యాఖ్యాత ఆ పనియే చేసెను. సంగీతము నడుమ కొన్ని నిమిషములపాటు కీచుమను రొద వినబడును. తెలియనివారు రేడియో చెడిపోయినదనుకొందురు. తెలిసిన కుర్రవాండ్రు టేపురికార్డరు పెట్టుకొని, వెల లేకయే కంప్యూటరు ప్రోగ్రాములను, ఆటలను పట్టుకొనిరి. 1995లో జపానునందు ఇది మరింత ముందునకు సాగెను. సెయింట్ గిగా అను ఉపగ్రహ రేడియో సంస్థ నింటెండో ఆటలను ఆకాశమార్గమున ప్రసారము చేసెను. వానిలో కొన్నిటిని నిర్ణీత సమయమున, నటుల గొంతులు ప్రత్యక్షముగా వినబడుచుండగా, ఆ గంటలో మాత్రమే ఆడవలెను. గంట ముగిసిన పిమ్మట ఆట లేదు. 2000 జూనులో ఆ ప్రసారము నిలిచిపోయినది.

2003 సెప్టెంబరులో అమెరికాలోని వాల్వ్ కంపెనీ ‘స్టీమ్’ అను అంతర్జాలపు ఏర్పాటును ప్రారంభించెను. మరుసటి యేడు ‘హాఫ్ లైఫ్’ రెండవ భాగమును డబ్బాలో కొని తెచ్చుకొన్నవారును స్టీమ్‌లో పేరు నమోదు చేసికొననిదే ఆడలేకపోయిరి. ఆటగాండ్రు సణిగిరి, తిట్టిరి, తుదకు అలవాటుపడిరి. అలవాటుపడుటకు కారణములు లేకపోలేదు. అర్ధరాత్రియైనను అంగడి తెరచియే యుండును. పండుగల తగ్గింపులో వెల సగమునకు, పాతికకు దిగును. డిస్కు గీతలుపడి పాడగునను భయము లేదు. ఒంటరిగా కూర్చుండి ఆట తయారుచేసిన యువకుడు కూడ ఏ వర్తకుని గుమ్మము త్రొక్కక లోకమంతటికిని అమ్ముకొనగలడు. మన దేశమునుండి కొనువారికి 2015లో స్టీమ్ వెలలు రూపాయలలోనే కనబడసాగినవి. ఆటల డిస్కులకై సికింద్రాబాదు పార్కు లేనులో కొట్టుకొట్టునకు తిరిగిన నా వంటివారికి ఇది ఎంత సుఖమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆటగాండ్రు ఈ అంగడిని కోరుటలో నాకేమియు వింత కనబడదు.

కాని ఆటగాండ్రు ఒక్కసారి తిరుగబడిరి. 2013లో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన క్రొత్త యంత్రమున, డిస్కు కొన్నను దానిని ఎరువిచ్చుటకు, తిరిగి అమ్ముటకు కట్టుబాట్లుండునని ప్రకటించెను. పోటీదారైన సోనీవారు వెంటనే అరనిమిషము కూడ పట్టని ఒక చలనచిత్రము విడుదల చేసిరి. మా యంత్రములో ఆటను ఇతరులకు ఇచ్చుట ఎట్లు? ఒకడు డబ్బాను రెండవవాని చేతిలో పెట్టును. అతడు కృతజ్ఞత చెప్పును. అంతే. జూను 19న మైక్రోసాఫ్ట్‌వారు తమ కట్టుబాట్లను రద్దుచేసికొనిరి. అయితే 2024 నవంబరులో ఆ సోనీవారే అమ్మకమునకు తెచ్చిన ఖరీదైన క్రొత్త యంత్రములో డిస్కు పెట్టు చోటే లేదు. కావలెనన్న వేరుగ కొని తగిలించుకొనవలెను. పదునొక్క యేండ్లలో ఎంత దూరము వచ్చితిమో!

ఇందలి నష్టము మొదట కంటికి కనబడదు. 2014లో యూబీసాఫ్ట్‌వారు విడుదల చేసిన ‘ది క్రూ’ అను కార్ల పందెపు ఆట ఆ కంపెనీ సర్వర్లతో కలిసియున్నపుడే నడచును. 2024 మార్చి 31న సర్వర్లు ఆపివేయగా, డిస్కు కొని అరలో పెట్టుకొన్నవారికి కూడ ఆట లేకపోయెను. అదే సంవత్సరము కాలిఫోర్నియా రాష్ట్రము ఒక చట్టము చేసెను. తిరిగి లాగికొనదగిన అనుమతిని మాత్రమే ఇచ్చు వర్తకుడు, ఆ సంగతి స్పష్టముగా తెలుపక, ‘కొనుడు’ అను మాట వాడరాదని దాని సారాంశము. 2025 జనవరి 1నుండి అది అమలులోనికి వచ్చినది. స్టీమ్‌వారు అంతకుముందే తమ అంగడిలో ఆ మాట వ్రాసి పెట్టిరి: మీరు కొనునది ఆట కాదు, ఆడుకొనుటకు అనుమతి. ఒక క్రియాపదముయొక్క అర్థమును శాసనసభ కాపాడవలసివచ్చిన సందర్భములు అరుదు.

అంగడి మూతపడుటయు క్రొత్త రూపు దాల్చినది. 2023 మార్చి 27న నింటెండోవారు తమ రెండు పాత యంత్రములకు చెందిన అంతర్జాల దుకాణములలో అమ్మకము నిలిపివేసిరి. అక్కడ మాత్రమే దొరకు ఆటలు నాటినుండి ఏ అంగడిలోను లేవు. ఆ యేడే వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ లెక్కవేయగా, 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 ఇప్పుడు క్రొత్తగా కొనుటకు లభించుట లేదని తేలినది. వానిని చూడగోరువాడు పాతసరకు కొట్లకో, ఎవరి యింటి అటకమీదికో పోవలెను. డబ్బాలో అమ్మబడినవి గనుక అక్కడనైనను మిగిలినవి.

ఉపగ్రహ రేడియోలో ప్రసారమైన ఆ జపాను ఆటలను ఆనాటి శ్రోతలు చిన్న జ్ఞాపకపు డబ్బాలలో పట్టి ఉంచుకొనిరి. అవి నేటికిని పాతసరకులో దొరకును. లోపల ఏమున్నదో తెలియకయే ఔత్సాహికులు వానిని కొని, విప్పి, ఒక్కొక్క ఆటను వెలికితీయుచున్నారు. ఆటలు కొన్ని చిక్కినవి. నటుల గొంతులు మాత్రము ఆ డబ్బాలలో లేవు. అవి ప్రత్యక్షప్రసారముగా వచ్చి ఆ గంటతోనే పోయినవి. ఆ రోజున ఎవరో ఆటగాడు తన యింటి వీడియో టేపుమీద పట్టుకొన్నంత మేరకు వినబడును.