కొలిమి కదలదు

స్వర్ణోత్సవం చేసుకునే ఏ సంస్థకైనా ముందుగా తగిలే చిక్కు పుట్టినరోజు ఏదన్నదే. దక్షిణ కొరియా తూర్పు తీరంలోని ఉక్కు పట్టణం పోహాంగ్. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు పోహాంగ్ స్టీలర్స్ 1973 ఏప్రిల్ 1ని తన పుట్టినరోజుగా లెక్కపెడుతుంది. ఆ లెక్కన 2023తో యాభై ఏళ్లు నిండాయి. తేదీతో పేచీ లేదు. కాకపోతే ఆ రోజు పుట్టింది ఒక ఉక్కు కంపెనీ ఉద్యోగుల జట్టు. అది జాతీయ లీగులో అడుగుపెట్టింది 1983లో, పూర్తి ప్రొఫెషనల్ అయింది ఆ మరుసటి ఏడు, మొదటిసారి లీగు గెలిచింది 1986లో. విడి సంస్థగా నమోదై ఊరిపేరు పెట్టుకున్నది 1995లో, ఇప్పటి పేరు వచ్చింది 1997లో. ఇన్నింటిలో ఎవరికి నచ్చిన తేదీ వాళ్లు పట్టుకోవచ్చు. నా ఓటు మాత్రం వీటిలో దేనికీ కాదు. 1990 నవంబరులో కర్మాగారం పక్కన ఒక మైదానం తెరిచారు. అప్పటిదాకా కంపెనీ జట్టుగా ఉన్నది ఆ రోజు నుంచే ఊరి జట్టు కావడం మొదలుపెట్టిందని నా వాదన.

మొదటి పదేళ్ల సంగతి చూడాలంటే కర్మాగారం దగ్గర మొదలుపెట్టాలి. ఉక్కు తయారీలో అనుభవం లేని దేశంలో, యోంగిల్ అఖాతం ఒడ్డున, ఇసుక దిబ్బల మీద లేచిన ప్రభుత్వ సంస్థ పోస్కో. కంపెనీ ఏర్పడింది 1968లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి కరిగిన ఇనుము బయటికి వచ్చింది 1973 జూన్ 9న. ఏడాదికి పది లక్షల టన్నుల స్థాయితో తొలిదశ పూర్తయింది అదే జులైలో. అంటే కొలిమి అంటుకోవడానికి రెండు నెలల ముందే జట్టు తయారైంది. కంపెనీ అధినేత పార్క్ తే-జూన్ సైన్యం నుంచి వచ్చినవాడు. పని క్రమశిక్షణ, ఆట క్రమశిక్షణ ఒకటేనని నమ్మే తరం ఆయనది. పైగా ఆ కాలపు కొరియాలో సంస్థకు జట్టు ఉండటం వింతేమీ కాదు. బ్యాంకులకు, సైన్యానికి జట్లుండేవి. 1966 ప్రపంచ కప్పులో ఉత్తర కొరియా క్వార్టర్ ఫైనల్ చేరి అందరినీ అదరగొట్టాక, దక్షిణాన గూఢచారి సంస్థే 1967లో యాంగ్జీ పేరుతో ఒక జట్టు పెట్టింది. ఆ జట్టు మూడేళ్లకు మూతపడింది. అందులో ఆడిన ఫార్వర్డ్ లీ హ్వే-తేక్ తర్వాత పోస్కో తొలి జట్టులోకి వచ్చాడు. శిక్షకుడు హాన్ హొంగ్-గి. గూఢచారుల జట్టు చెరిగిపోయి ఉక్కువాళ్ల జట్టు నిలబడిందంటే అందులో కొంత అదృష్టమూ ఉంది. అయితే అదృష్టంతో అంతా తేలిపోదు.

1983 మే 8న సియోల్‌లోని డాంగ్‌డేమున్ స్టేడియంలో సూపర్ లీగ్ మొదలైంది. అంతకుముందు ఏడాదే ప్రొఫెషనల్ బేస్‌బాల్ రంగప్రవేశం చేసింది. జనాన్ని ఆటల్లో ముంచి రాజకీయం మరిపించాలన్న సైనిక పాలకుల ఆలోచన రెండింటి వెనకా ఉందనేది కొరియాలో అందరూ చెప్పుకునే మాటే. అయిదు జట్లు దిగాయి: హల్లెలూయా, యుకాంగ్, దేవూ, పోస్కో, కూక్మిన్ బ్యాంక్. వీటిలో నికరంగా ప్రొఫెషనల్ జట్లు మొదటి రెండే. అందులో హల్లెలూయా క్రైస్తవ మత ప్రచారం కోసం పెట్టిన జట్టు, 1980లోనే కొరియాలో తొలి ప్రొఫెషనల్ క్లబ్బు అయింది. మిగతా మూడూ అమెచ్యూర్ హోదాలోనే ప్రొఫెషనల్ లీగు ఆడాయి. అప్పట్లో ఇదెవరికీ విడ్డూరంగా తోచలేదు. అసలు విడ్డూరం వేరే ఉంది. ఆ లీగులో ఏ జట్టుకూ ఇల్లంటూ లేదు. సురభి సమాజం ఊరూరా డేరా వేసినట్టు లీగంతా కట్టకట్టుకుని ఊళ్లు తిరిగేది. ఒకే మైదానంలో ఒకే రోజు ఒకదాని తర్వాత ఒకటి ఆటలు పెట్టేవారు. వచ్చిన జనం ఆట చూశారు, పేరున్న ఆటగాళ్లను చూశారు. ‘మనవాళ్లు’ అనుకోవడానికి మాత్రం వాళ్లకు ఎవరూ లేరు. మొదటి కప్పు హల్లెలూయా ఎగరేసుకుపోయింది. పోస్కోది నాలుగో స్థానం. బ్రెజిల్ నుంచి ఆటగాళ్లను తెచ్చుకున్నా అంతకుమించి పైకి రాలేకపోయింది.

ఆ జట్టు పేర్ల చిట్టా చూస్తే కాస్త నవ్వొస్తుంది. మొదట డాల్ఫిన్స్. తర్వాత ఆటమ్స్. ఆ ఆటమ్ కార్టూన్లలో ఎగిరే బుల్లి రోబో కుర్రాడు, మన పిల్లలకు ఆస్ట్రో బాయ్‌గా తెలిసినవాడు. ఉక్కు కర్మాగారానికీ సముద్రపు జీవికీ ఏ పొత్తో, రోబో పిల్లాడితో ఏం చుట్టరికమో పేరు పెట్టినవాళ్లకే తెలియాలి. నవ్వు పక్కన పెడితే ఇది సాక్ష్యమే. తానెవరో తెలిసిన జట్టు ఇన్ని పేర్లు మార్చదు. ఒక అభ్యంతరం రావచ్చు: కంపెనీ కొరియన్ పేరే పోహాంగ్ జెచోల్, అంటే పోహాంగ్ ఉక్కు, ఊరిపేరు మొదటి నుంచీ అందులో ఉందిగా అని. ఉంది. కానీ ఆ రోజుల్లో ఆ పేరు వింటే దేశానికి గుర్తొచ్చేది ఊరు కాదు, పొగగొట్టాలు. ఊరే కంపెనీకి విశేషణంగా మిగిలింది. ఆ వరస తిరగబడటమే ఈ క్లబ్బు తొలినాళ్ల కథ.

కప్పులు గెలిచాక ఆ వరస తిరగబడిందా? అక్కడే చాలామంది పొరబడతారు. 1986 పోస్కోకు పండగ సంవత్సరం. లీ హంగ్-షిల్ లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు. అదే జూన్‌లో మెక్సికోలో జరిగిన ప్రపంచ కప్పులో పోస్కో ఫార్వర్డ్ చోయ్ సున్-హో ఇటలీ మీద గోల్ కొట్టాడు. 3–2తో ఓడినా కొరియా ఆ గోల్‌ను ఇప్పటికీ తలుచుకుంటుంది. లీగు చివర లక్కీ గోల్డ్‌స్టార్‌ను ఓడించి పోస్కో మొదటిసారి విజేత అయింది. ఆ విజేతకు ఇల్లు ఏదని అడిగితే చెప్పేందుకు చిరునామా లేదు. మరుసటి ఏడు లీగు ఇంటా బయటా ఆడే పద్ధతికి మారినప్పుడు పోస్కో వాటాకు వచ్చింది దేగు నగరం, ఉత్తర గ్యోంగ్‌సాంగ్ ప్రాంతం అంతా. ప్రాంతం మొత్తాన్ని ఇల్లనుకోమంటే ఏ ఇంటి తలుపు తట్టాలి? 1988లో పోహాంగ్‌కు చేరి, లీ హ్వే-తేక్ శిక్షణలో మళ్లీ గెలిచింది. పార్క్ క్యుంగ్-హూన్ ఉత్తమ ఆటగాడు, లీ కీ-గున్ అత్యధిక గోల్స్ వీరుడు. గెలుపులకు కొదవ లేదు. అయితే మొత్తం లీగులో మిగిలినవే అయిదు జట్లు. హల్లెలూయా, కూక్మిన్ బ్యాంక్ అప్పటికే తప్పుకున్నాయి. మొట్టమొదటి విజేతే లీగులో లేకుండా పోయిందంటే, కప్పు గెలవడానికీ బతికి బట్టకట్టడానికీ సంబంధం ఎంత పలచనో తెలుస్తోంది.

1990లో తెరిచిన మైదానం పేరు స్టీల్ యార్డ్. కొరియాలో ఫుట్‌బాల్ కోసమే కట్టిన మొట్టమొదటి స్టేడియం అదే. మొదట పాతికవేల మంది పట్టేవారు, ఇప్పుడు పదిహేడు వేల పైచిలుకు. ‘ఫుట్‌బాల్ కోసమే’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అప్పటి కొరియా స్టేడియాల్లో మైదానం చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉండేది. ముందు వరసలో కూర్చున్నవాడికీ టచ్‌లైన్‌కూ మధ్య ఎనిమిది దారుల ఎడం. ఆటగాడి ముఖం కనపడదు, అరిస్తే వాడికి వినపడదు. స్టీల్ యార్డ్‌లో ఆ ట్రాక్ లేదు. త్రో వేయడానికి వచ్చిన ఆటగాడి రొప్పు ముందు వరసకు వినిపిస్తుంది. వాడి చొక్కా మీది ఎరుపు నలుపు అడ్డచారలు లెక్కపెట్టొచ్చు. రాత్రి పాళీ దిగినవాడు, పగటి పాళీ దిగినవాడు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో, కంపెనీ ఆవరణలోనే ఉందా మైదానం. పోహాంగ్‌లో కొరియా మెరైన్ దళం ఒకటో డివిజన్ ఉంది. ఆ జవాన్లు సైనిక దుస్తుల్లోనే ఒక గ్యాలరీ నింపి పాటలందుకోవడం దేశమంతా ఎరిగిన దృశ్యం. డేరా నాటకానికి ప్రేక్షకులు వస్తారు. ఇలా ఒకేచోట, ఒకే మెట్టు మీద ఏళ్ల తరబడి కూర్చునేవాళ్లు రావాలంటే ఇల్లుండాలి.

దీనికి గట్టి సాక్ష్యం ఒక కుర్రాడు. లీ డాంగ్-గుక్ పోహాంగ్‌లోనే పుట్టాడు, 1979లో. స్టీల్ యార్డ్ తెరిచేనాటికి పదకొండేళ్లవాడు. ఉక్కు కంపెనీ నడిపే బడిలో చదువుతూ ఆట నేర్చుకుని, 1998లో క్లబ్బులో చేరి, ఆ ఏడే ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, పందొమ్మిదేళ్లకే ప్రపంచ కప్పు ఆడాడు. అంతకుముందు తరం తారలు వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. 1992 లీగు విజయానికి మూలస్తంభమైన హాంగ్ మ్యుంగ్-బోను కూడా ముగ్గురు ఆటగాళ్లను యుకాంగ్‌కు ఇచ్చి తెచ్చుకున్నారు. వచ్చిన తొలి ఏడే ఉత్తమ ఆటగాడిగా నిలిచిన ఆయనకు ఆ ధర తక్కువే. కానీ డబ్బుతో, బేరంతో తెచ్చుకోగలిగేది హాంగ్ లాంటివాణ్ని. గోడ పక్క బడిలోంచి లీ లాంటివాడు నడిచి రావాలంటే గోడ ఉండాలి, బడి ఉండాలి, పదేళ్ల ఓపిక ఉండాలి.

‘ఇదంతా మైదానం మహిమ కాదు, పెద్ద కంపెనీ డబ్బు మహిమ’ అంటారు కొందరు. తోసిపారేయదగ్గ మాట కాదు. ఆ స్టేడియం కట్టింది కంపెనీయే. కానీ 1983లో కలిసి బయలుదేరిన జట్ల జాతకాలు పక్కపక్కన పెట్టి చూడండి. దేవూకు డబ్బు తక్కువా? నాలుగుసార్లు లీగు గెలిచింది. 1999లో ఆ వ్యాపార సామ్రాజ్యం కుప్పకూలితే బుసాన్‌లోని దాని క్లబ్బు చేతులు మారింది. యుకాంగ్ వెనక ఉన్నది దేశంలోని పెద్ద చమురు కంపెనీ. ఆ జట్టు ఇంచియాన్, సియోల్, బుచియాన్ తిరిగి 2006లో జెజు ద్వీపానికి పోయింది. ఏడాది ఆలస్యంగా చేరిన ఎలక్ట్రానిక్స్ కంపెనీ జట్టు లక్కీ గోల్డ్‌స్టార్ చుంగ్‌చోంగ్ ప్రాంతం నుంచి సియోల్‌కు, అక్కడి నుంచి 1996లో అన్యాంగ్‌కు, 2004లో తిరిగి సియోల్‌కు. బుచియాన్, అన్యాంగ్ అభిమానులు పడ్డ క్షోభ చిన్నది కాదు. చివరికి ఆ రెండు ఊళ్లూ తమ సొంత క్లబ్బులు పెట్టుకుని కింది మెట్టు నుంచి మొదలుపెట్టాయి. ఇన్ని కంపెనీల్లో పోస్కో ఒక్కటే ధనికం కాదు. తేడా ఎక్కడుందంటే, చమురు కంపెనీ, ఎలక్ట్రానిక్స్ కంపెనీ సరుకు దేశమంతా అమ్ముకుంటాయి, ఎక్కడ జనం ఎక్కువో జట్టును అక్కడికి తోలుకుపోతాయి. బ్లాస్ట్ ఫర్నేస్‌ను లారీ ఎక్కించలేం. ఓడరేవును నమ్ముకున్న కర్మాగారం ఆ ఒడ్డునే ఉండాలి, దాని పనివాళ్లూ అక్కడే ఉండాలి. ఈ మాటకు ఉల్సాన్ కూడా సాక్షి. అంతకుముందు గాంగ్‌వాన్ ప్రాంతానికి కేటాయించిన హ్యుందాయ్ జట్టు 1990లో తమ ఓడల కర్మాగారమున్న ఉల్సాన్‌కు చేరింది, మళ్లీ కదల్లేదు.

నా వాదనను నిజంగా ఇరుకున పెట్టేది ఇంకొకటుంది, అది పోస్కో ఇంట్లోనే ఉంది. కంపెనీ రెండో కర్మాగారం దక్షిణ తీరంలోని గ్వాంగ్యాంగ్‌లో ఉంది. అక్కడా ఫుట్‌బాల్ కోసమే కట్టిన స్టేడియం, అక్కడా కంపెనీ బడులు, 1994లో పెట్టిన జొన్నాం డ్రాగన్స్ అనే క్లబ్బు. కొలిమి, మైదానం, బడి, మూడూ ఉన్నాయి. అయినా డ్రాగన్స్ ఒక్కసారీ లీగు గెలవలేదు, 2018లో రెండో డివిజన్‌కు జారిపోయింది. ఊరు చిన్నది కదా అని సర్దిచెప్పొచ్చు, అది సగం నిజం. నాకు తోచే మిగతా సగం ఏమిటంటే, పోహాంగ్‌లో మైదానానికి ముందు పదిహేడేళ్ల జట్టు ఉంది. తిరిగి తిరిగి, పేర్లు మార్చుకుని, గెలిచి ఓడి ఇంటికొచ్చిన జట్టు. గ్వాంగ్యాంగ్‌లో అన్నీ ఒకేసారి, అమర్చిన గదిలా వచ్చాయి. కాబట్టి నా మాట కొంచెం సవరించుకుంటాను: మైదానం ఒక్కటే క్లబ్బును పుట్టించదు, తిరిగి అలిసిన జట్టుకు ఇల్లవుతుంది. అలాగని గ్వాంగ్యాంగ్‌ను తీసిపారేయకూడదు. డ్రాగన్స్ ఎక్కడికీ పోలేదు, 2021లో రెండో డివిజన్‌లో ఉంటూనే దేశంలోని నాకౌట్ టోర్నీ ఎఫ్.ఏ. కప్పు గెలిచింది. రెండో డివిజన్ జట్టు ఆ కప్పు గెలవడం అదే మొదటిసారి. కదలని కొలిమి కప్పులకు హామీ ఇవ్వదు, ఉనికికి ఇస్తుంది.

సంస్థల జట్ల సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సంస్థ జట్టే. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఇదే దక్షిణ కొరియాను 2–1తో ఓడించింది. ఆనాడు కొరియాలో పోస్కో లేదు, లీగు లేదు. ఇక్కడ అన్నీ ఉన్నట్టే కనిపించింది. అయితే హైదరాబాద్ జట్టు పోలీసు శాఖది. శాఖ శ్రద్ధ తగ్గాక దాన్ని తమదిగా పట్టుకుని నిలబెట్టే హక్కుగానీ చోటుగానీ ఊరికి లేకపోయాయి. ప్రతిభ కొరవడి ఆగిపోయిన కథ కాదది.

కంపెనీ నీడలో ఉండటం పోహాంగ్‌కు ఖర్చు లేని వ్యవహారమూ కాదు. ఉక్కు ధర పడితే క్లబ్బు చేతికి వచ్చే డబ్బు తగ్గుతుంది, మంచి ఆటగాళ్లు అమ్ముడుపోతారు. 2013లో ఒక్క విదేశీ ఆటగాడూ లేకుండా లీగు, ఎఫ్.ఏ. కప్పు రెండూ గెలిచారని మురిసిపోతారు. నిజానికి దాని వెనక ఉన్నది సిద్ధాంతం కన్నా పొదుపే. 2022 సెప్టెంబరు తుపానుకు కర్మాగారం నీట మునిగి, నలభై తొమ్మిదేళ్లలో మొదటిసారి ఫర్నేస్‌లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. బాగుచేసి పూర్తిగా నడపడానికి 135 రోజులు పట్టింది. ఆ మరుసటి సంవత్సరమే స్వర్ణోత్సవం. 2023 నవంబరు 4న స్టీల్ యార్డ్‌లో, సొంత ఊరివాళ్ల ఎదుట, పోహాంగ్ స్టీలర్స్ జొన్‌బుక్ జట్టును 4–2తో ఓడించి ఎఫ్.ఏ. కప్పు గెలిచింది.