అన్నా పావ్లోవా నాట్యసాధన

నాట్యము కనులకు విందు. ఆ విందు వెనుకనున్న దేహశ్రమ ప్రేక్షకునకు కానరాదు. రష్యా నర్తకి అన్నా పావ్లోవా జీవితమే ఇందులకు తార్కాణము.

ఆమె 1881లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున, బట్టలుతికి జీవించు ఒక పేదరాలి కడుపున జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయమున తల్లితో రంగశాలకేగి, మాటలు లేక సంగీతముతో కథ నడపు బాలే నృత్యమును చూచి, తానును నర్తకి కావలెనని నిశ్చయించుకొనెను. పసిది, బలహీనురాలు అని చక్రవర్తి పోషణలోని నాట్యపాఠశాల మొదట నిరాకరించి, 1891లో చేర్చుకొనెను.

బాలేలో నర్తకి కాలివ్రేళ్ల కొనలపై నిలువవలెను. పావ్లోవా చీలమండలు సన్ననివి, పాదములు మిక్కిలి వంపుగలవి. ఆమె నృత్యపాదుకలలో గట్టితోలు అమర్చుకొని ఆ కొరత తీర్చుకొనెను. కీర్తి వచ్చిన పిదపను నిత్యాభ్యాసము విడువలేదు. ఫోకిన్ కూర్చిన ‘మరణించు హంస’ కొద్ది నిమిషముల నృత్యమే. బలహీనమని త్రోసివేయబడిన ఆ దేహమే దానిని లోకప్రసిద్ధము గావించెను.

ఆమె దేశదేశములు తిరుగుచు భారతదేశమునకును వచ్చెను. ఆమె బృందమునందలి నర్తకియొద్ద బాలే నేర్చిన రుక్మిణీదేవిని, స్వదేశ నాట్యమును అన్వేషింపుమని ప్రోత్సహించెను. గౌరవ కుటుంబముల స్త్రీలకు నాట్యము తగదని సంఘము నిందించు దినములవి. రుక్మిణీదేవి మీనాక్షిసుందరం పిళ్ళైయొద్ద భరతనాట్యము నేర్చి, 1935లో అడయారులో ప్రదర్శించి, 1936లో కళాక్షేత్రమును స్థాపించెను.

దానిని చూచుటకు పావ్లోవా లేదు. 1931లోనే హేగ్ నగరమున కన్నుమూసెను. పరాయికళ నేర్వవచ్చిన యువతిని సొంతకళ వైపు మరలించిన ఆమె మాట మాత్రము ఫలించినది.