బత్లీమూస్ కితాబు ఇటలీ చేరిన కథ

ఉర్దూ బడులలో మేము భూగోళ శాస్త్రాన్ని 'జుగ్రాఫియా' అని చెప్తాము. పిల్లలు దానిని అరబ్బీ మాట అనుకుంటారు. నిజానికి అది గ్రీకు మాట. క్రీ.శ. 150 ప్రాంతంలో ఈజిప్టు దేశపు ఇస్కందరియా నగరంలో ఉండిన బత్లీమూస్ అనే పండితుని గ్రంథం పేరే అది. ఇంగ్లీషు పుస్తకాలలో ఇతనిని టాలెమీ అంటారు. దాదాపు 8000 స్థలాల పేర్లు, వాటి అక్షాంశ రేఖాంశాలు అందులో గలవు. మన ఆంధ్ర తీరం కూడా 'మైసోలియా' అనే పేరుతో ఉంది. అందులోని 'కొంటకొస్సుల' అనే రేవును కృష్ణా జిల్లా ఘంటసాలగా చరిత్రకారులు గుర్తించారు.

ఈ గ్రంథం పశ్చిమ ఐరోపాలో వేయి సంవత్సరాలకు పైగా చదివే దిక్కు లేక మరుగునపడింది. బాగ్దాదులో అట్లా కాలేదు. ఖలీఫా మామూన్ (813–833) కాలంలో అల్ ఖ్వారిజ్మీ దానిని ఆధారం చేసుకొని 'సూరతుల్ అర్జ్' రాశాడు, ఊరకే నకలు తీయలేదు. మధ్యధరా సముద్రం పొడవు బత్లీమూస్ లెక్కలో 62 డిగ్రీలు. ఖ్వారిజ్మీ దానిని సుమారు 50కి తగ్గించాడు. అసలు ఉన్నది 42 ప్రాంతమే.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన సభలలో "ఐరోపా వాళ్ళకు విద్య అంతా మనమే ఇచ్చాము" అని వక్తలు అంటూ ఉంటారు, మనం చప్పట్లు కొడుతుంటాము. బత్లీమూస్ ఖగోళ గ్రంథం 'మజిస్తీ' విషయంలో అది చాలావరకు నిజమే. క్రెమోనా వాడైన గెరార్డు దానిని 1175లో తొలేదో నగరంలో అరబ్బీ నుండే లాటినులోకి మార్చాడు. జుగ్రాఫియా విషయంలో మాత్రం కాదు. 1295 ప్రాంతంలో కుస్తుంతునియాలో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో, ప్లానుదెస్ అనే క్రైస్తవ సన్యాసి వెదకి వెదకి గ్రీకు ప్రతిని సంపాదించాడు. ఆ ప్రతిలో పటాలు లేకపోతే లెక్కలు చూసి తయారు చేయించాడు. 1397లో ఆ నగరం నుండే మాన్యుయల్ క్రిసోలొరాస్ ఫ్లోరెన్సు వచ్చి గ్రీకు నేర్పాడు. అతని శిష్యుడు యాకొపో ఆంజెలి 1409 ప్రాంతంలో లాటిను అనువాదం ముగించాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటేనే మన గొప్ప నిలుస్తుందని మా అభిప్రాయం.

ఈ ఫ్లోరెన్సు పండితులను హ్యూమనిస్టులు అంటారు. పాత గ్రీకు, లాటిను గ్రంథాలను దుమ్ము దులిపి, ప్రతులు పోల్చి, తప్పులు దిద్ది చదవడమే వీళ్ళ పని. ఆంజెలికి భాష వచ్చుగాని గణితం అంతగా రాదు. ఆ అనువాదంలోని లోపాలను తరువాత రెగియొమోంటానుస్ అనే జర్మను గణితజ్ఞుడు గట్టిగానే తప్పుపట్టాడు. అయినా ఆ కితాబుకు గిరాకీ తగ్గలేదు. 1475లో విచెంజాలో పటాలు లేకుండా, 1477లో బొలోన్యాలో పటాలతో అచ్చయింది. నిలువు గీతలు, అడ్డ గీతలు గీసి ఊరును దాని చోట పెట్టే పద్ధతి ఐరోపా అంతటా పాకింది.

అయితే పాతవాళ్ళ మీద వీరికి గల భక్తి కొంత చేటు కూడా చేసింది. ఖ్వారిజ్మీ ఎన్నడో దిద్దిన మధ్యధరా సముద్రం మళ్ళీ 62 డిగ్రీలకు సాగింది. 1554లో మెర్కేటర్ దానిని 53కి తెచ్చేదాకా చాలా పటాలలో అదే లెక్క. హిందూ మహాసముద్రం చుట్టూ భూమి ఉన్నట్టు, మన దక్షిణాపథం బల్లపరుపుగా, సింహళం కొండంతగా గీశారు. కొలంబస్ సంగతి ఇంకా చిత్రం. అల్ ఫర్గానీ చెప్పిన డిగ్రీకి 56⅔ మైళ్ళ లెక్కను తీసుకున్నాడు, అరబ్బు మైలు ఇటలీ మైలు కంటే పెద్దదన్న సంగతి వదిలేశాడు. దాంతో భూగోళమే చిన్నదైపోయింది, ఆసియా దగ్గరైపోయింది!

పుస్తకాన్ని దిద్దినది ప్రయాణీకులే. నికొలో దె కొంతి అనే వెనిస్ వర్తకుడు దమిష్కులో అరబ్బీ, తరువాత ఫార్సీ నేర్చి, ముస్లిం వర్తకులతో కలిసి సుమారు 25 ఏళ్ళు తిరిగాడు. 1420 ప్రాంతంలో విజయనగరం చూసి, దాని చుట్టుకొలత 60 మైళ్ళని చెప్పాడు. తిరుగు దారిలో భార్యాబిడ్డల ప్రాణాల కోసం ఇస్లాం స్వీకరించానని పోపును క్షమాపణ కోరాడు. అతని నోటి మాటలను పోపు కార్యదర్శి, హ్యూమనిస్టు పోజ్జో బ్రాచ్చొలీని లాటినులో రాసిపెట్టాడు. 1450 ప్రాంతంలో వెనిస్ సన్యాసి ఫ్రా మౌరో ఇట్లాంటి సమాచారంతోనే పెద్ద పటం గీసి, హిందూ మహాసముద్రాన్ని తెరిచి చూపించాడు. బత్లీమూస్‌ను అనుసరించనందుకు కారణం కూడా పటం మీదనే రాసుకున్నాడు.

కుస్తుంతునియాను 1453లో జయించిన సుల్తాన్ మహమ్మద్ ఫాతిహ్‌కు కూడా ఈ కితాబు మీద మక్కువ. 1465లో అమిరుత్జెస్ అనే గ్రీకు పండితుణ్ణి పిలిపించి, అందులోని విడివిడి పటాలన్నీ కలిపి ఒకే ప్రపంచ పటం చేయించాడు. గ్రంథాన్ని మళ్ళీ అరబ్బీలోకి అనువదింపజేశాడు. ఆ అరబ్బీ ప్రతులు నేటికీ ఇస్తాంబుల్‌లో భద్రంగా ఉన్నాయి.