మైత్రీవనమున మూగవోయిన మోడెములు

పంజగుట్టనుండి సంజీవరెడ్డినగరమునకు పోవు బాటపై, అమీర్‌పేటలో, మైత్రీవనమను పెద్ద కట్టడము కలదు. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థవారు దానిని కట్టించిరి. పేరు విని తోట యని భ్రమపడవలదు. అచ్చట చెట్లకంటె పేరుపలకలు మెండు. 1990 తరువాతి దశాబ్దమున ఆ కట్టడమును, చేరువనున్న ఆదిత్య ఎన్‌క్లేవు మొదలగు భవనములును కంప్యూటరు విద్య నేర్పు పాఠశాలలతో నిండిపోయెను. పెద్దలారా, మీ పిల్లలో, మీ యిరుగుపొరుగువారి పిల్లలో పొలముమీద తెచ్చిన అప్పుతో అచ్చటికి పోయియే యుందురు. వారు నేర్చిన విద్యను గూర్చి మీరు వినియుందురు. అరచేయి యంత లేని యొక పలకతో వారిలో కొందఱు పడిన పాట్లను గూర్చి వినియుండరు. ఆ సంగతియే నేడు చెప్పెదను.

టెలిఫోను తీగ మనుష్యుని గొంతుకకై పుట్టినది. సెకండునకు 300 మొదలు 3,400 వరకు గల కంపనములనే అది చక్కగా మోయును. కంప్యూటరున కెఱుకపడునవి ఒకట్లును సున్నలును మాత్రమే. ఆ యంకెలను ధ్వనిగా మార్చి తీగకెక్కించి, అవతలినుండి వచ్చు ధ్వనిని మరల అంకెలుగా విప్పునది మోడెము. 2013 జూలైలో మూతపడిన తంతి కచేరీలను మీరెఱుగుదురు. అచ్చటి గుమాస్తా అక్షరములను కట్టు, కడలుగా మార్చి పంపుచుండెను గదా. ఇదియు నట్టి గుమాస్తాయే. 1962లో అమెరికాలోని బెల్ సంస్థవారి మోడెము సెకండునకు 300 బిట్లు, అనగా సుమారు ముప్పది యక్షరములు, పంపెను. 1998లో ఏర్పడిన వి.90 అను ప్రమాణముతో ఆ వేగము 56,000 బిట్ల దాక పోయెను. మనదేశమున విదేశ సంచార నిగమ్ లిమిటెడువారు 1995 ఆగస్టు 15న జనసామాన్యమునకు ఇంటర్నెట్టు ద్వారము తెఱచిరి. 1998 నవంబరునుండి ప్రైవేటు సంస్థలకును అనుమతి లభించెను.

మొదట మోడెము కంప్యూటరునకు వెలుపల, వేఱొక పెట్టెగా నుండెడిది. చేయవలసిన లెక్కలన్నియు తానే చేసికొనెడిది. 1981లో హేస్ అను సంస్థ యేర్పఱచిన కొలదిపాటి ఆజ్ఞలను పంపిన చాలును, ఏ కంప్యూటరు చెప్పినను వినెడిది. అయితే వెల హెచ్చు. కంప్యూటరు లోపల అమర్చు పలకలు తరువాత వచ్చినవి. వానిలోను మొదటివి తమ పని తామే చేసికొనుచుండెను. వెల యింకను తగ్గింపదలచి తయారుచేయువారు ఒక యుపాయము పన్నిరి. లెక్కలు చేయు భాగమును పలకనుండి తీసివేసి, ఆ చాకిరిని కంప్యూటరు యొక్క ముఖ్య ప్రాసెసరు నెత్తిన పెట్టిరి. కోతకు పిలిచిన కూలి తాను రాక, కొడవలిని మాత్రము పంపినట్లాయెను. ఆ కొడవలిని పట్టు విధమును విండోసు అను వ్యవస్థకై వ్రాసిన ప్రోగ్రామునందే దాచిరి. అందుచేతనే వీనికి విన్‌మోడెములను పేరు వాడుకలోనికి వచ్చెను. చౌకగా అమ్ముటను నేను తప్పుపట్టను. పేదవాని చేతికి మోడెము వచ్చినది దానివలననే. కాని కొన్నవానికి సైతము మర్మము చెప్పకుండుట న్యాయమని తోచదు.

ఇక లినక్సు. 1991లో ఫిన్లండు దేశమున, హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనిని వ్రాయ నారంభించెను. ఎవరైనను తెఱచి చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. మైత్రీవనమున యూనిక్సు నేర్చు బాలునకు ఇంటివద్ద సాధన చేయుటకు ఇంతకంటె సాధనము లేదు. పి.సి.క్వెస్ట్ అను మాసపత్రిక లినక్సు పళ్ళెములను పంచిపెట్టుచుండెను. అట్లు పంచుట ఎంతటి యుపకారమో లెక్కించి చూడుడు: 650 మెగాబైట్ల పళ్ళెమును 56,000 బిట్ల వేగమున తెప్పించుకొనవలెనన్న, తీగ ఒక్క క్షణమైన తెగకున్నను, ఒక దినమునకు పైగా పట్టును.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున భాగములు కొని కూర్చుకొనిన కంప్యూటరు, అందులో చౌక మోడెము, పైన లినక్సు. ఈ మూడును ఒక గదిలో చేరినప్పుడు చిక్కు మొదలయ్యెను. పలక యున్నది, తీగ యున్నది, మోడెము పలుకదు. పరికరమునకును వ్యవస్థకును నడుమ మాటలందించు ప్రోగ్రామును డ్రైవరందురు. నేను దానిని దుబాసి యందును. ఆ దుబాసి లినక్సునకు లేడు. ఎచ్చటనో దొరకునన్నను, దొరకు చోటు ఇంటర్నెట్టే. మోడెము పలికిన గాని దుబాసి రాడు. దుబాసి వచ్చిన గాని మోడెము పలుకదు.

కాబట్టి కుఱ్ఱవాడు ఇంటర్నెట్టు కేంద్రమునకు పోయి, గంటకింత యని రుసుము చెల్లించి, 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఆ ప్రోగ్రామును ఎక్కించుకొని గదికి వచ్చుచుండెను. ముందుగా పలక జాతి తెలియవలెను. అట్టపెట్టెమీద ఒక పేరు, పలకమీద ఇంకొక పేరు, చిప్పుమీద వేఱొక పేరు. చిప్పు పేరే అసలైనది. అది తెలిసినను, దుబాసి తన లినక్సు కెర్నెలు సంఖ్యకు సరిపడవలెను, 2.2కు కూర్చినది 2001లో వచ్చిన 2.4తో పొసగదు. మూలమునుండి మరల కూర్చుకొనవలసినదే. ఒక్క ఫైలు తక్కువైన మరల కేంద్రమునకు నడక, మరల రుసుము. ఫ్లాపీ చెడిపోయిన, అదియు వ్యర్థము. ఎస్.ఆర్.నగరు గదులలో ఇట్టి ఫ్లాపీలు దొంతరలుగా నుండుట నేను చూచితిని. కొందఱు విసిగి, ఒకే యంత్రమున రెండు వ్యవస్థలు నిలిపి, విండోసుతో ఇంటర్నెట్టు చూచి, యంత్రము నాపి, మరల లినక్సుతో పాఠము చదివెడివారు.

తోవ చూపినవారు పలుదేశముల ఔత్సాహికులు. ఏ చిప్పునకు ఏది పనిచేయునో, ఏది పనిచేయదో, అనుభవించి వ్రాసి ఉంచిరి. లూసెంట్ చిప్పులకు దుబాసి దొరకెను గాని, అందులో లోపలి భాగము మూసియే యుండెను. చుట్టునున్న భాగమును మాత్రము ఔత్సాహికులు తెఱచి సవరించుచు వచ్చిరి. కోనెక్సంట్ చిప్పులకు లినుక్సంట్ అను సంస్థ దుబాసి నమ్మెను. ఉచితముగా నిచ్చునది 14,400 బిట్లకు మించి పరుగెత్తదు. 56,000 బిట్ల పలకను కొన్నవాడు పూర్తి వేగము కావలెనన్న మరల సొమ్ము చెల్లింపవలెను. ఒకే బండికి రెండుమార్లు సుంకము.

2005 జనవరిలో భారత సంచార నిగమ్‌వారు బ్రాడ్‌బ్యాండు ప్రారంభించిరి. దాని మోడెము మరల వెలుపలి పెట్టెయే. తన లెక్కలు తానే చేసికొనును. ఈథర్‌నెట్టు తీగను తగిలించిన చాలును, లినక్సైనను విండోసైనను భేదము లేదు. కుఱ్ఱవాండ్రు కంప్యూటరు మూత విప్పి, మరలు ఊడదీసి, ఆ చిన్న పలకలను పాతసామానువానికి తూకమున వేసిరి.