ఉద్యోగం చేస్తూ నర్సింగ్ డిగ్రీ: రుసుము కట్టే ముందు ఏం చూడాలి?

రాత్రి ఎనిమిది గంటలకు వార్డులో విధులు స్వీకరించి, తెల్లవారి ఎనిమిదికి రోగుల వివరాలు మరొకరికి అప్పగించి, బస్సు పట్టుకుని ఇల్లు చేరే స్టాఫ్ నర్సులు జిల్లా ఆసుపత్రుల్లోనూ, పట్టణాల్లోని నర్సింగ్ హోముల్లోనూ ఎందరో ఉన్నారు. చాలామంది ఇంటర్మీడియట్ అనంతరం జీఎన్ఎం డిప్లొమా పూర్తి చేసి నేరుగా ఉద్యోగంలో చేరినవారే. పెళ్లి, పిల్లలు, డ్యూటీ చార్టుల నడుమ పదేళ్లు గడిచాక డిగ్రీ కూడా ఉంటే బాగుండేదన్న ఆలోచన కలుగుతుంది. సరిగ్గా అటువంటి సమయంలోనే సెల్‌ఫోన్‌కు ఒక ప్రకటన వస్తుంది. ఇంటి వద్ద నుంచే బీఎస్సీ నర్సింగ్, తరగతులకు రానవసరం లేదు, ఏడాదిలో పట్టా చేతికి అన్నది దాని సారాంశం.

ఈ విలేకరికి పరిచయమున్న ఒక స్టాఫ్ నర్సు అలాంటి మాట నమ్మి, చీటీ పాడిన సొమ్మును రెండు విడతలుగా ఒక దళారికి చెల్లించారు. కొన్నాళ్లకు పొరుగు రాష్ట్రానికి చెందిన ఒక సంస్థ పేరిట మార్కుల జాబితా, పట్టా వచ్చాయి. వాటిని పట్టుకుని అదనపు అర్హత నమోదుకు వెళ్లినప్పుడు అధికారులు అడిగినవి రెండే ప్రశ్నలు: ఏ నర్సింగ్ కళాశాలలో చదివారు, ఆచరణ శిక్షణ ఏ ఆసుపత్రిలో పొందారు? రెండింటికీ ఆమె వద్ద సమాధానం లేదు. కట్టిన సొమ్ము తిరిగి రాలేదు. పట్టా బీరువాలోనే ఉంది.

పూర్తి ఆన్‌లైన్ డిగ్రీ లేదు

అందువల్ల మొదట చెప్పవలసిన మాటను మొదటే చెప్పాలి. నర్సుగా వృత్తిపరమైన గుర్తింపునిచ్చే డిగ్రీని మన దేశంలో పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివే వీలు లేదు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2020 సెప్టెంబరులో ప్రకటించిన నిబంధనలు వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, ఇంజినీరింగ్‌లతో పాటు నర్సింగ్‌ను కూడా ఈ విధానాల్లో నడపరాని కోర్సుల జాబితాలో చేర్చాయి. కారణం ఊహించడం కష్టం కాదు. సూది మందు ఇవ్వడం, ప్రసవానికి సాయపడటం, శస్త్రచికిత్స అనంతరం రోగిని కనిపెట్టి ఉండటం తెరపై చూసి నేర్చుకునే పనులు కావు.

మరి ఫోన్‌లో వెతికితే పేజీల కొద్దీ ఆన్‌లైన్ నర్సింగ్ డిగ్రీలు కనిపిస్తున్నాయి కదా అన్న సందేహం రావచ్చు. వాటిలో అనేకం అమెరికా విశ్వవిద్యాలయాలవి. అక్కడ రిజిస్టర్డ్ నర్సుగా లైసెన్సు పొంది, డిప్లొమా లేదా అసోసియేట్ డిగ్రీతో పనిచేస్తున్నవారు బీఎస్ఎన్ పట్టా పొందేందుకు ఆన్‌లైన్ కోర్సులు ఉన్న మాట వాస్తవమే. సీసీఎన్ఈ గానీ, ఏసీఈఎన్ గానీ గుర్తింపునిచ్చిన కోర్సేనా అని చూసుకోవడం అక్కడి నర్సులు పాటించే మొదటి నియమం. ఆ దేశంలో స్థిరపడిన తెలుగు నర్సులకు ఈ దారి ఉపయోగమే. ఇక్కడి వార్డులో పనిచేస్తూ అమెరికా లైసెన్సు లేనివారి కోసం రూపొందించినవి మాత్రం కావవి.

ఉన్నవి రెండు దారులు

జీఎన్ఎం పూర్తి చేసినవారికి భారతీయ నర్సింగ్ మండలి నిర్దేశించిన డిగ్రీ పేరు పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్. దీన్ని రెండు విధాలుగా చదవవచ్చు. కళాశాలలో చేరి రెండేళ్లు రెగ్యులర్‌గా చదవడం మొదటిది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ద్వారా మూడేళ్ల దూరవిద్యగా చదవడం రెండవది. మండలి తన నిబంధనల్లో దూరవిద్య కింద పేర్కొన్నది ఇగ్నో కోర్సును. కనుక వేరొక విశ్వవిద్యాలయం పేరు చెప్పి దూరవిద్యలో బీఎస్సీ నర్సింగ్ అంటే అక్కడే ఆగి ఆలోచించాలి.

రెగ్యులర్ కోర్సుకు ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రవేశ ప్రకటనలు ఇస్తాయి. కళాశాల అనుబంధం ఏ విశ్వవిద్యాలయానిదో, సొంత ఆసుపత్రి ఉందో లేదో, ఉంటే అందులో రోగులు ఉన్నారో లేదో ఒకరోజు స్వయంగా వెళ్లి చూడటం మేలు. బోర్డుపై మూడు వందల పడకలు రాసి, లోపల వార్డులకు తాళాలు వేసిన ఆసుపత్రిలో రెండేళ్లు గడిపితే పట్టా వస్తుంది గానీ పని రాదు.

ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేవారికి రెగ్యులర్ కోర్సు అంటే ఉద్యోగం మానుకోవడమే. కళాశాల రుసుమును మాత్రమే లెక్కించుకుని దిగేవారు ఇక్కడ పొరపడుతుంటారు. నెలకు 15 వేల రూపాయల వేతనం వస్తున్నదనుకుంటే, రెండేళ్లలో వదులుకునేది 3 లక్షల 60 వేల రూపాయలు. రుసుము, వసతి గృహం ఖర్చు దీనికి అదనం. ప్రభుత్వ ఉద్యోగులు విభాగాధిపతి అనుమతి, సెలవు మంజూరు ముందుగానే పొందాలి. సీటు వచ్చాక అనుమతి కోసం తిరుగుతూ చేరిక గడువు దాటబెట్టుకునే పరిస్థితి తెచ్చుకోరాదు.

ఇగ్నో కోర్సు సంగతి

ఉద్యోగం వదలలేనివారికి దగ్గరగా ఉన్నది ఈ మార్గమే కాబట్టి దీని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఇది ఉద్యోగంలో ఉన్న నర్సులకే ఉద్దేశించినది. ఇంటర్మీడియట్, ఆపై జీఎన్ఎం చదివి, నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ నమోదై ఉన్నవారికి రెండేళ్ల అనుభవం ఉండాలి. పదో తరగతితోనే జీఎన్ఎంలో చేరిన పాత తరం వారికి అయిదేళ్ల అనుభవం అవసరం. అనుభవాన్ని లెక్కించేది కోర్సు ముగిసిన తేదీ నుంచి కాదు, మండలిలో నమోదైన తేదీ నుంచి. పరీక్షలు ముగిసిన వెంటనే ఉద్యోగంలో చేరి, నమోదును ఏడాది ఆలస్యం చేసినవారు ఆ ఏడాదిని కోల్పోతారు. మిడ్‌వైఫరీ చదవని పురుష నర్సులు దానికి బదులుగా మండలి సూచించిన విభాగాల్లో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం చూపాలి.

ప్రవేశం పరీక్ష ద్వారానే. ప్రకటన వెలువడిన విడతలోనే దరఖాస్తుకు వీలుంటుంది. ప్రకటన లేని సమయంలో సీటు ఇప్పిస్తామని ఎవరు చెప్పినా అది నిజం కాదు. కోర్సు కనీస కాలం మూడేళ్లు. అనారోగ్యం, కాన్పు, బదిలీ వంటి కారణాలతో ఆగిపోయినవారు పూర్తి చేసుకునేందుకు అదనపు గడువు ఉంటుంది. దూరవిద్య అన్న పేరు చూసి వార్డుకు, తరగతికి సంబంధం ఉండదని అనుకోరాదు. పాఠాలు ఇంటివద్ద చదువుకున్నా, కేటాయించిన అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతులు, ఆసుపత్రిలో ఆచరణ శిక్షణ ఉంటాయి. వాటికి హాజరు తప్పనిసరి. అందుచేత దరఖాస్తుకు ముందే మ్యాట్రన్‌తోనో, యాజమాన్యంతోనో మాట్లాడి, ఆ రోజుల్లో సెలవు ఇస్తామన్న మాటను కాగితంపై తీసుకోవడం మంచిది. నోటిమాటగా ఒప్పుకున్న యాజమాన్యం, జ్వరాల సీజన్‌లో సిబ్బంది కొరత రాగానే మాట మార్చడం మనకు కొత్త కాదు.

అధ్యయన కేంద్రం ఎక్కడన్నది మరో ముఖ్య విషయం. ప్రతి జిల్లాలోనూ ఈ కోర్సుకు కేంద్రం ఉండదు. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయో డ్యూటీ చార్టు పక్కన పెట్టుకుని చూసుకోవాలి. పాఠ్య పుస్తకాలు ఆంగ్లంలో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మొదటి ఏడాది కొంత బరువుగానే తోచవచ్చు. వార్డులో రోజూ వాడే మాటలే పుస్తకంలోనూ ఉంటాయి కనుక క్రమంగా అలవాటవుతుంది.

ఏఎన్ఎంగా పనిచేస్తున్నవారు నేరుగా ఈ డిగ్రీలో చేరలేరు. ముందు జీఎన్ఎం పూర్తి చేయాలి.

అసలు డిగ్రీ ఎందుకు?

ఈ ప్రశ్న వేసుకోకుండా అప్పు చేసినవారూ ఉన్నారు. ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టులకు తెలంగాణలో ఇచ్చిన నియామక ప్రకటనల్లో జీఎన్ఎం, బీఎస్సీ రెండింటినీ అర్హతగా స్వీకరించారు. ఆ ఒక్క ఉద్యోగమే లక్ష్యమైతే డిగ్రీ కోసం ఆగనవసరం లేదు. ఎయిమ్స్ సంస్థలు 2020 నుంచి నిర్వహిస్తున్న నార్సెట్ పరీక్షకు డిప్లొమా ఉన్నవారు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసి ఉండాలి. డిగ్రీ ఉన్నవారికి ఆ షరతు లేదు. పది పడకల నర్సింగ్ హోములో ఏళ్ల తరబడి పనిచేసినా ఈ పరీక్షకు ఆ అనుభవం అక్కరకు రాదని చాలామందికి దరఖాస్తు నింపేటప్పుడు గానీ తెలియడం లేదు.

నర్సింగ్ పాఠశాలలో బోధన వైపు వెళ్లాలనుకునేవారికి, ఎమ్మెస్సీ నర్సింగ్ చదవాలనుకునేవారికి డిగ్రీ తప్పనిసరి. ఎమ్మెస్సీ ప్రవేశానికి డిగ్రీలో 55 శాతం మార్కులు అవసరం. ఉత్తీర్ణత చాలునన్న ధోరణిలో పోస్ట్ బేసిక్ చదివినవారికి ఆ తలుపు మూసుకుపోతుంది.

విదేశాల విషయంలో దేశానికొక పద్ధతి ఉంది. సౌదీ అరేబియాలో ఆరోగ్య వృత్తుల కమిషన్ డిప్లొమా నర్సులను టెక్నీషియన్లుగా, డిగ్రీ నర్సులను స్పెషలిస్టులుగా వర్గీకరిస్తుంది. బ్రిటన్‌లో నమోదుకు ఆంగ్ల పరీక్ష, వృత్తి నైపుణ్య పరీక్షలు ప్రధానం. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారి ధ్రువపత్రాలను డేటాఫ్లో వంటి సంస్థలు, పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయాన్నే నేరుగా అడిగి సరిచూస్తాయి. దళారి ఇచ్చిన పట్టా బయటపడేది ఎక్కువగా ఇక్కడే. అప్పటికి పాస్‌పోర్టు, వైద్య పరీక్షలు, ఏజెంటు రుసుము అన్నీ ఖర్చయిపోయి ఉంటాయి.

గ్రూప్స్ వంటి పోటీ పరీక్షలకు ఏదేని డిగ్రీ చాలు. అందుకోసమైతే 1982లో ఏర్పడిన డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ వంటి కోర్సు తక్కువ ఖర్చుతో చదువుకోవచ్చు. అది డిగ్రీయే, కానీ నర్సింగ్ డిగ్రీ కాదు. ఆసుపత్రి నిర్వహణ, ఆరోగ్య సేవలు అన్న పేర్లతో ఆన్‌లైన్‌లో వచ్చే బీబీఏ, బీఎస్సీ కోర్సులకూ ఇదే వర్తిస్తుంది. పేరులో ఆసుపత్రి ఉన్నంత మాత్రాన నర్సింగ్ మండలి దాన్ని అదనపు అర్హతగా నమోదు చేయదు.

సొమ్ము చెల్లించే ముందు

విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు, కోర్సుకు నర్సింగ్ మండలి నిబంధనల ఆమోదం, మీ రాష్ట్ర మండలిలో ఆ డిగ్రీ నమోదు. ఈ మూడింటినీ విడివిడిగా చూడాలి. మొదటిది ఉన్నదని చూపి మిగిలిన రెండూ ఉన్నట్టే నమ్మించడం దళారుల పద్ధతి. విశ్వవిద్యాలయం నిజమైనదే కావచ్చు, దాని నర్సింగ్ దూరవిద్య కోర్సు చెల్లనిది కావచ్చు. యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను తన వెబ్‌సైటులో ప్రకటిస్తుంది. అందులో పేరు లేకపోవడం కోర్సుకు గుర్తింపు ఉన్నట్టు కాదు. రాష్ట్ర మండలికి ఒక ఉత్తరం రాసి, ఫలానా కోర్సును అదనపు అర్హతగా నమోదు చేస్తారా అని అడిగి, జవాబును దాచుకోవడం అన్నింటికన్నా గట్టి ఆధారం.

2024 నుంచి గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేవారు యూజీసీ పోర్టల్‌లో డెబ్ ఐడీ తీసుకోవాలి. దీన్ని స్వయంగా తీసుకోవడమే క్షేమం. దళారి తన ఫోన్ నంబరుతో తీసి ఇస్తానంటే అంగీకరించరాదు.

2014 జూన్‌కు ముందు ఉమ్మడి రాష్ట్ర మండలిలో నమోదైనవారు ప్రస్తుతం తమ పేరు ఏ రాష్ట్ర రిజిస్టరులో ఉందో, రెన్యువల్ గడువు దాటిందో లేదో సరిచూసుకోవాలి. జాతీయ నర్సుల రిజిస్టరులో ఇచ్చే ఎన్‌యూఐడీ సంఖ్య ఇంకా తీసుకోనివారు రాష్ట్ర మండలి ద్వారా పొందవచ్చు. పెళ్లి తరువాత ఇంటిపేరు మారినవారి విషయంలో పదో తరగతి ధ్రువపత్రం, జీఎన్ఎం డిప్లొమా, ఆధార్‌లలో పేరు ఒకే తీరుగా ఉండేలా చూసుకోవాలి. ఈ సవరణకే నెలలు పట్టవచ్చు గనుక, ప్రవేశ ప్రకటన కోసం ఎదురుచూడకుండా ముందే మొదలుపెట్టాలి. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. 1947 నాటి చట్టం కింద ఏర్పడిన నర్సింగ్ మండలి స్థానంలో కొత్త కమిషన్‌ను తెచ్చేందుకు ఉద్దేశించిన చట్టమిది. కోర్సుల నిబంధనలు మారే వీలున్నందున పాత కరపత్రాలను, నిరుడు చేరినవారి మాటలను కాక, చేరే ఏటి ప్రకటననే ప్రమాణంగా తీసుకోవాలి.

ఒరిజినల్ ధ్రువపత్రాలను ప్రవేశం ఖరారై, కళాశాల రసీదు ఇచ్చేంతవరకు ఎవరి చేతికీ ఇవ్వరాదు. రుసుమును విశ్వవిద్యాలయం ఖాతాకు మాత్రమే చెల్లించాలి. ఇగ్నో కోర్సు వివరాల కోసం హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ప్రాంతీయ కేంద్రాలను సంప్రదించవచ్చు. వెళ్లేటప్పుడు జీఎన్ఎం డిప్లొమా, రిజిస్ట్రేషన్ పత్రం, అనుభవ ధ్రువపత్రం నకళ్లు వెంట ఉంచుకుంటే అర్హత ఉన్నదీ లేనిదీ అక్కడికక్కడే తెలుసుకోవచ్చు.