ఆఖరి మెరుగు

ఇత్తడి బిందెకి చింతపండూ, కొబ్బరిపీచూ. వెండి కుంకుమభరిణెకి విభూతీ, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె ముక్కా. ఈ రెండూ తారుమారు చేస్తే ఏమవుతుందో మన ఇళ్ళల్లో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. కానీ లక్షలు పోసి కొన్న కారు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి కాస్తా అటకెక్కుతుంది.

మేనకోడలి పెళ్ళిచీరలకని హిందూపురం నించి ధర్మవరం బయల్దేరాం. మా తమ్ముడిది నల్లకారు. పెళ్ళిపనుల్లో తిరగాలి కదా అని ముందురోజే పాలిష్ చేయించుకొచ్చాడు. తెల్లవారుజామున వేపచెట్టు కింద చూస్తే అద్దమే! బొట్టు దిద్దుకోవచ్చు. పెనుకొండ దగ్గర కాఫీకి దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆ ఎండలో చూద్దుముకదా, బానెట్ నిండా సాలెగూడులాగా సన్నటి సుడులు!

"చూడు వదినా, మీ తమ్ముడు కారుని పీచుతో తోమించుకొచ్చినట్టుండాది" అంది మా మరదలు.

తమ్ముడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆమె అన్నది హాస్యానికే అయినా అక్షరాలా జరిగింది అదేనని తరవాత తెలిసింది. పాలిష్ చేసినవాళ్ళు మెషీనుకి గొర్రె ఉన్ని ప్యాడ్ తగిలించి రుద్దేశారు. దాని తరవాత వాడవలసిన మెత్తటి ఫోమ్ ప్యాడ్ జోలికే పోలేదు. ఈ మెత్తటి ముక్కకి అంత పనేమిటా అని కూపీ లాగితే వందేళ్ళ చరిత్ర బయటపడింది.

మొదట్లో కార్లకి గుర్రబ్బళ్ళకి వేసినట్టే బ్రష్షుతో వార్నిష్ వేసేవారు. పూత మీద పూత, ఆరడానికి రోజులు, మధ్యలో ప్యూమిస్ పొడితో రుద్దడం. ఒక్క బండికి వారాలు పట్టేది. ఫోర్డుగారి మోడల్ టి కారు 1914 నించి 1925 దాకా నల్లరంగులో తప్ప రాలేదు. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 'డ్యూకో' అనే లాకర్ తెచ్చింది. స్ప్రే చేస్తే గంటల్లో ఆరిపోయేది. జనరల్ మోటార్స్ వారి ఓక్లండ్ కారు దాంతో నీలిరంగు కట్టుకుని వీధిలోకొచ్చింది. ఆ పేరు మన దేశంలో ఎంతగా నాటుకుందంటే, ఏ కంపెనీ రంగు వేసినా 'డ్యూకో కొట్టించాం' అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అయితే డ్యూకో ఆరగానే మెరవదు. రుద్దితేనే మెరుస్తుంది. అక్కడినించే రుబ్బింగ్ కాంపౌండ్, మెషీను, ఉన్ని ప్యాడ్ అన్నీ ఒక్కొక్కటిగా దిగాయి. ఆ రంగు దళసరి, అడుగుదాకా ఒకే రంగు. కాస్త గట్టిగా రుద్దినా కింద అదే రంగు ఉండేది కాబట్టి ఉన్ని మోటుదనం చెల్లిపోయింది.

1980ల నించి కథ మారింది. రంగు పలచగా వేసి, దానిమీద గాజులాంటి పారదర్శకమైన పూత వేయడం లోకమంతా పాకింది. దీన్నే క్లియర్ కోట్ అంటారు. ఎండనించి రంగుని కాపాడేది అదే. దాని మందం సుమారు నలభై, యాభై మైక్రాన్లు. అంటే మన తలవెంట్రుక కన్నా పలచన! దీనిమీద పాత పద్ధతిలో ఉన్ని తిప్పితే మెరుపూ వస్తుంది, మెరుపుతోపాటు గీతలూ వస్తాయి. ముదురు రంగుల మీద మరీను. దాంతో స్పాంజిలాంటి ఫోమ్‌కి గిరాకీ వచ్చింది. దాని పుట్టిల్లు జర్మనీ. పాలీయురెథేన్ అనే ఆ పదార్థానికి 1937లో ఆటో బేయర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రాణం పోశాడు. మన దిళ్ళూ, సోఫాలూ కూడా ఆ వంశంవే.

ఈ ముచ్చట పెనుకొండలో మొదలవడం కూడా బాగానే ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం తరవాత విజయనగర రాజులు కొండకింది ఈ ఊళ్ళోనే తలదాచుకుని రాజధాని చేసుకున్నారు. గగన్ మహల్ ఇంకా నిలబడే ఉంది. ఆ ఊరిపక్కనే, ఎర్రమంచి దగ్గర, హైవే ఒడ్డున కియా వారి కార్ల ఫ్యాక్టరీ లేచింది. ఒప్పందం 2017లో, ఇక్కడి తొలి కారు సెల్టోస్ అమ్మకానికి రావడం 2019లో. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే సత్తా ఉన్న ఫ్యాక్టరీ. ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా రంగుల విభాగంలోకి దుమ్ము దూరకుండా నానా జాగ్రత్తలూ పడతారు. అయినా ఎక్కడో ఒక నలుసు అంటుకుంటే సన్నటి గరుకు కాయితంతో తీసి, చివర మెత్తటి ప్యాడ్‌తో ఆ మచ్చ కూడా తెలీకుండా చేస్తారు. ఆ కారు బయటకొచ్చి మన సీమ దుమ్ములో తిరుగుతుంది. మనం ఆ దుమ్ముని పొడిగుడ్డతో తుడుస్తాం. ఇసకరేణువు క్లియర్ కోట్ కన్నా గట్టిదన్న సంగతి గుడ్డకేం తెలుసు?

ఇక ఎంపిక సంగతి. రంగు చూసి కొనకూడదు. ఒక కంపెనీకి నలుపు మెత్తన అయితే ఇంకోదానికి తెలుపు మెత్తన. వేలితో నొక్కి చూడాలి. ఆఖరి మెరుగుకి పనికొచ్చేది ఇడ్లీలా ఇట్టే లొంగి, వదలగానే యథాస్థితికి రావాలి. లొంగి అలాగే ఉండిపోతే అది వేడికి నలిగిపోయే సరుకన్నమాట. రంధ్రాలు సన్నగా, సమంగా ఉండాలి. మెషీను పళ్ళెంకన్నా ప్యాడ్ కాస్త పెద్దదిగా ఉండాలి. లేకపోతే పళ్ళెం అంచు కారుకి తగులుతుంది. కొత్త చేతులకి గిర్రున ఒకేచోట తిరిగే మెషీను కన్నా, తిరుగుతూ ఊగే మెషీనే క్షేమం. మెత్తటి ప్యాడ్‌తో అతి సన్నటి పేస్టే వాడాలి. మెషీను బరువు చాలు, మన బలం అక్కర్లేదు. ఒక పేస్టుకి వాడిన ప్యాడ్ ఇంకోదానికి వాడకూడదు. కిందపడ్డదాన్ని కడక్కుండా ముట్టించకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటి అడుగు. జానెడు చోట, ఉన్నవాటిలో మెత్తటిదానితోనే మొదలుపెట్టి చూడాలి. గీత పోతే అక్కడే ఆపాలి. పోకపోతేనే ఒక మెట్టు గట్టిదానికి వెళ్ళాలి. మళ్ళీ చివరికి మెత్తటిదానితోనే ముగించాలి. కూరలో ఉప్పు వేసినట్టు. తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం.

ధర్మవరంలో చీరలు తీసుకున్నాం. "జరీని ఎప్పుడూ రుద్దకండమ్మా, మెత్తటి పాత పంచెలో చుట్టి పెట్టండి. అప్పుడప్పుడూ మడత మార్చండి" అన్నాడు షాపాయన. ఆ మాట వినగానే తమ్ముడు నావంక చూశాడు.

పెళ్ళయ్యాక ఇంకోచోట ఓ కుర్రాడు మెత్తటి ప్యాడ్ పెట్టి ఓపిగ్గా ఆ సుడులన్నీ పోగొట్టాడు. కానీ బానెట్ అంచున బొటనవేలి గోరంత మేర నలుపు వెలిసి ఉంది. "అంచుల్లో పూత ఇంకా పలచగా ఉంటుంది సార్. ముందువాళ్ళ చేతిలో అక్కడ అరిగిపోయిండాది. ఇంక ఏ ప్యాడ్ పెట్టినా రాదు" అన్నాడు. మా హిందూపురం పక్కనే లేపాక్షి ఉంది. ఆ మండపాల కప్పు మీద, అయిదువందల ఏళ్ళ కిందటి చీరల అంచులు కట్టుకున్న బొమ్మల్లో రంగు రాలిన చోట్లు గుర్తొచ్చాయి నాకు. మెరుగు పెట్టడమంటే కొత్తగా ఏదో ఇవ్వడం కాదు, ఉన్నదాంట్లోంచే కాస్త తీయడం. ఎంత తీయాలో తెలియని చేతికి ఏ సామానూ ఇవ్వకూడదు.

తమ్ముడు మెత్తటి ప్యాడ్లు రెండు కొని, మూతబిగిసే డబ్బాలో పెట్టుకున్నాడు. మరదలు ఆ డబ్బాకేసి చూసి నెమ్మదిగా అంది: "ఆ ఉన్నిది కూడా ఒకటి తెప్పించు వదినా, మా ఇత్తడి గంగాళానికి దివ్యంగా పనికొస్తుంది!"